సీలింగు మూయకముందు ఒక్కసారి మీటరు పెట్టనివ్వండి

బెంగళూరులోని భవన యజమానులకు, ఎంఈపీ (ఏసీ, కరెంటు, నీటి పనుల) కన్సల్టెంట్లకు, మెయిన్ కాంట్రాక్టర్లకు, బీఎంఎస్ (భవనంలోని యంత్రాలను కంప్యూటరుతో నడిపే వ్యవస్థ) కంపెనీలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఔటర్ రింగ్ రోడ్డు మీద, వైట్‌ఫీల్డ్‌లో, ఎలక్ట్రానిక్ సిటీలో మీరు కట్టించిన భవనాల్లో ఏసీలు, నీటి పంపులు, బేస్‌మెంట్ ఫ్యాన్లు, కరెంటు మీటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేసి మీ చేతికి అప్పగించే పని మాది. మమ్మల్ని కమిషనింగ్ వాళ్లంటారు. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఈ పనిలో స్థిరపడినవాళ్లం చాలామందిమే ఉన్నాం. ఈ నగరం మాకు అన్నం పెడుతోంది, అందులో మీ పాత్ర ఉంది. ఆ మాట మనసారా చెప్పి అసలు సంగతికి వస్తాను.

ఫాల్స్ సీలింగు మూయకముందు, కంట్రోలర్ల (ఏసీలను, పంపులను నడిపే చిన్న కంప్యూటర్ల) మధ్య వేసిన కమ్యూనికేషన్ కేబుల్‌ను పరీక్షించుకోవడానికి కాస్త సమయం ఇవ్వండని సైటు మీటింగుల్లో అడిగాం. మెయిళ్లు రాశాం. ఒకచోట నుంచి 'నోటెడ్' అని జవాబు వచ్చింది, ఆ వారంలోనే జిప్సం బోర్డులు ఎక్కేశాయి. మరోచోట 'అదంతా కమిషనింగ్‌లో చూసుకోండి' అన్నారు. చూసుకోవడమంటే ఏమిటో ఆ మాట అన్నవారికి తెలిసినట్టు లేదు. బిగించిన సీలింగును విప్పి, నిచ్చెన మీద నిలబడి, ఎవరు ఎక్కడ అతికారో తెలియని జాయింటును తడిమి తడిమి వెతకడం. పగలు ఆఫీసు నడుస్తుంది కనుక అదంతా రాత్రిపూటే. నాలుగు గోడల మధ్య చెప్పుకున్నది ఎవరికీ పట్టలేదు, అందుకే నలుగురిలో రాస్తున్నాను.

చిల్లర్లకు (ఏసీ కోసం నీటిని చల్లబరిచే పెద్ద యంత్రాలకు) కోట్లు పోస్తారు, కంట్రోలర్లకు లక్షలు పెడతారు. వాటి మధ్య మాట మోసేది మెలితిప్పిన రెండు రాగి తీగలు, వాటి చుట్టూ బయటి విద్యుత్ రొదను ఆపే లోహపు తొడుగు, అంటే షీల్డు. దీన్ని ఆర్‌ఎస్-485 లైను అంటాం. ఆ ప్రమాణం 1983 నాటిది. దాని మీద నడిచే మోడ్‌బస్ అనే యంత్రాల భాష ఇంకా పాతది, మోడికాన్ కంపెనీ 1979లో తెచ్చింది. భవనాల కోసం చేసిన మరో భాష బాక్‌నెట్ 1995లో ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) ప్రమాణంగా వచ్చింది, ఈ రెండు తీగల మీద నడిచే దాని రూపాన్ని ఎంఎస్‌టీపీ అంటారు. అంటే ఇందులో నిన్నమొన్నటి వింత ఏదీ లేదు. ఎలా వేయాలో దశాబ్దాలుగా తెలిసిన పనే. పద్ధతిగా వేస్తే తక్కువ వేగంలో 1200 మీటర్ల దాకా మాట చేరవేస్తుంది. పక్కన మోటార్లు తిరుగుతున్నా తట్టుకుంటుంది, ఎందుకంటే రిసీవర్ చూసేది రెండు తీగల మధ్య తేడాను. ఆ తేడా అటో ఇటో 200 మిల్లీవోల్టులు దాటితే చాలు, ఒకటో సున్నానో తేల్చుకుంటుంది. బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడితే తేడాలో అది కనబడదు. తీగల్ని మెలితిప్పేది అందుకే. ప్యానెల్లో చూడముచ్చటగా ఉంటుందని మెలిక విప్పి, తీగల్ని విడివిడిగా దారం కట్టి సర్దేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంత సులువైన పని ఎక్కడ చెడుతోంది? కేబుల్ లాగే పని మెయిన్ కాంట్రాక్టరు నుంచి సబ్ కాంట్రాక్టరుకు, అతని నుంచి మరొకరికి దిగుతుంది. అందరికంటే కింద, నిజంగా కేబుల్ పట్టుకునే కుర్రాడి కూలి పాయింటు లెక్క. లైట్లకు, ఫ్యాన్లకు వైరు లాగి చేయి తిరిగినవాడు. దగ్గర్లో ఉన్న పాయింటు నుంచి అతుకు వేసి కొత్త పాయింటుకు ఇవ్వడం అతనికి తెలిసిన పద్ధతి, లైటుకు అది తప్పు కూడా కాదు. ఆర్‌ఎస్-485లో మాత్రం అదే కొంప ముంచుతుంది. ఇక్కడ లైను ఒక కంట్రోలర్ టెర్మినల్‌లోకి వెళ్లి, అదే టెర్మినల్ నుంచి బయటికి వచ్చి, తర్వాతి కంట్రోలర్‌కు పోవాలి. లైనుకు రెండే కొసలు, నడుమ కొమ్మలు ఉండకూడదు. ఆ రెండు కొసల్లో మాత్రమే 120 ఓమ్‌ల రెసిస్టరు పెట్టాలి. అది లేకపోతే కొసకు చేరిన సంకేతం వెనక్కి తిరిగి వచ్చి, వెనక వస్తున్న బిట్లను చెడగొడుతుంది. కొమ్మ వేసిన ప్రతిచోటా ఇంకో కొస పుట్టినట్టే.

ఇవన్నీ ఆ కుర్రాడికి ఎవరు చెప్పారు? డ్రాయింగులో ఒక గీత ఉంటుంది, పక్కన ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఒక నోటు ఉంటుంది. డ్రాయింగు సైటు ఆఫీసులో ఉంటుంది, కుర్రాడు పదో అంతస్తులో ఉంటాడు. మదనపల్లె నుంచో హిందూపురం నుంచో వచ్చి, చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడి మీద నేరం మోపడం నాకు చేతకాదు.

ఒక ఆఫీసు భవనంలో సీలింగు విప్పి చూసిన జాయింటును ఉన్నదున్నట్టు చెబుతాను. మూడు కేబుళ్లు ఒకేచోట కలిశాయి. ఎర్రవి మూడూ కలిపి ఒక ముడి, నల్లవి మూడూ కలిపి ఒక ముడి, పైన ఇన్సులేషన్ టేపు. షీల్డు తీగను కేబుళ్లు మోసే లోహపు ట్రే బోల్టుకు చుట్టారు. కింద ప్యానెల్లో అదే షీల్డు ఎర్త్ బార్‌కు బిగించి ఉంది. షీల్డును ఒకే ఒక్కచోట ఎర్త్ చేయాలి, మిగతా ప్రతి కంట్రోలర్ దగ్గరా కొస నుంచి కొసకు కలుపుతూ పోయి, బయట ఏ లోహానికీ తగలకుండా టేపు చుట్టాలి. రెండుచోట్ల కడితే రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న తేడాకు కరెంటు పారే దారి దొరుకుతుంది. అదే ట్రేలో, అదే కేబుల్‌ను ఒరుసుకుంటూ, ఏహెచ్‌యూ (చల్లగాలిని గదులకు పంపే యంత్రం) మోటారుకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) నుంచి వెళ్లే పవర్ కేబుల్ కూడా పడుకుని ఉంది. సరఫరా ఆపి రెండు తీగల మధ్య మీటరు పెడితే 20 ఓమ్‌లు చూపించింది. రెండు కొసల్లో రెండు రెసిస్టర్లే ఉంటే 60 చుట్టూ రావాలి. 120 ఓమ్‌లవి ఆరు ఒకే లైను మీద ఉంటే వచ్చే లెక్క 20. 'రెసిస్టరు పెట్టాలి' అన్న ముక్క ఎవరి చెవినో పడింది, 'కొసల్లో మాత్రమే' అన్న ముక్క పడలేదు. ఈ ప్రమాణంలో డ్రైవర్ (లైను మీదికి సంకేతం పంపే చిప్పు) కనీసం 1.5 వోల్టులు ఇవ్వాల్సింది 54 ఓమ్‌ల భారానికి. 20 ఓమ్‌లు తగిలిస్తే ఆ వోల్టేజి ఎక్కడి నుంచి వస్తుంది?

అయినా అప్పగింత రోజున ఆ లైను పనిచేసింది! మీరందరూ మమ్మల్ని నిలదీసేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. అప్పగింత నాటికి ఆ లైను మీద సగం కంట్రోలర్లే ఉన్నాయి, వీఎఫ్‌డీలు ఇంకా తిరగడం లేదు, వేగం 9600 బాడ్‌కు (సెకనుకు 9600 బిట్లకు) తగ్గించి ఉంది. ఆ వేగంలో ఒక్కో బిట్టు దాదాపు 104 మైక్రోసెకన్లు ఉంటుంది, కొసల నుంచి తిరిగి వచ్చే సంకేతాలు ఆ లోపల చల్లారిపోతాయి. 76,800కు పెంచితే బిట్టు 13 మైక్రోసెకన్లే. అప్పుడు తప్పులన్నీ బయటపడతాయి. లైను బాగా లేకపోతే బాడ్ రేటు తగ్గించి దాటేయడం మా రంగంలో అందరికీ తెలిసిన చిట్కా, ఎవరూ కాగితం మీద పెట్టని చిట్కా. ఎంఎస్‌టీపీలో ప్రతి కంట్రోలరూ మాట్లాడే వంతును ఇచ్చే సందేశం, అంటే టోకెన్, తనకు వచ్చేదాకా ఆగాలి. వేగం తగ్గితే వంతు ఆలస్యం, వంతు ఆలస్యమైతే అలారం ఆలస్యం. తర్వాత మిగతా కంట్రోలర్లు ఎక్కుతాయి, మోటార్లు మొదలవుతాయి, ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో మామిడి జల్లులు పడతాయి. రెండు టవర్ల మధ్య ఎర్త్ తేడా పెరిగి, మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల హద్దు దాటితే పోర్టులోని చిప్పు పోతుంది. అప్పటికి వారంటీ గడువు మాట, ఎవరి తప్పన్న మాట మొదలవుతాయి. తప్పు ఎవరిదో చెప్పగల సాక్ష్యం మాత్రం సీలింగు పైన ఉంటుంది.

దీని ఫలితం ఎవరి మీద పడుతోందో చూడండి.

1. బేస్‌మెంట్లలో ఉండేవారి మీద. కార్లు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే సెన్సర్లు చాలాచోట్ల మోడ్‌బస్ లైను మీదే ఉంటాయి. వాటి రీడింగును బట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు తిరుగుతాయి. లైను తెగినప్పుడు ప్రోగ్రాములో జాగ్రత్త తీసుకోకపోతే, చివరిసారి వచ్చిన అంకె తెర మీద పచ్చగా అలాగే నిలబడిపోతుంది. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. పైన మీటింగుల్లో ఉన్నవారి కోసం కింద గంటల తరబడి కాచుకుని ఉండే డ్రైవర్లకు, సెక్యూరిటీ వారికి, కార్లు కడిగేవారికి తల నొప్పి ఎందుకు వస్తోందో ఎవరు చెబుతారు? ఫైర్ అలారానికి వేరే లైను, వేరే నిబంధనలు ఉన్నాయి కనుక దాన్ని ఇందులోకి లాగడం లేదు. ఈ ఫ్యాన్ల గతి మాత్రం ఈ రెండు తీగల చేతిలోనే ఉంది.

2. నీళ్ల మీద. 2024 వేసవిలో ఈ నగరం నీటికి ఎంత అల్లాడిందో మరచిపోయే రోజులు ఇంకా రాలేదు. అపార్టుమెంట్లలో పైట్యాంకు మట్టం కింద పంపు కంట్రోలర్‌కు చేరేది చాలాచోట్ల ఈ లైను మీదే. అక్కడ కూడా పాత అంకె నిలబడిపోతే రెండే జరుగుతాయి: ట్యాంకు నిండినా పంపు ఆగదు, ఖాళీ అయినా పంపు మొదలు కాదు. మొదటిది జరిగితే ట్యాంకరుకు డబ్బు పోసి కొన్న నీళ్లు మేడ మీది నుంచి మోరీలోకి పోతాయి. రెండోది జరిగితే తెల్లవారి అయిదింటికి మూడో అంతస్తు పెద్దావిడ వాచ్‌మన్‌ను కేకలేస్తుంది. అతనికి బాక్‌నెట్ ఏం తెలుసు?

3. ఆసుపత్రుల మీద. అంటువ్యాధి గదుల్లో గాలి పీడనం బయటికంటే తక్కువగా ఉండాలి. ఆ లెక్క చూపించే పరికరం మాట ఆగిపోతే నర్సుల బల్ల దగ్గరున్న తెరకు తెలియాలి. అన్నిచోట్లా తెలియడం లేదు.

4. ఆఫీసుల్లో కూర్చునేవారి మీద. ఒక మూల వణుకు, ఒక మూల చెమట. ఏప్రిల్‌లో శాలువా కప్పుకుని కూర్చున్నవారిని మీరూ చూసే ఉంటారు.

5. అద్దెదారుల జేబుల మీద. మాట వినని ఏహెచ్‌యూ రాత్రంతా తిరుగుతుంది, దాని కోసం చిల్లరూ తిరుగుతుంది. ఆ కరెంటు మెయింటెనెన్స్ బిల్లులో కలిసి వస్తుంది. బిల్లు కట్టేవారికి కారణం తెలియదు, తెలిసినవారు బిల్లు కట్టరు.

6. మా మీద. ఇది చివర పెట్టడానికి కారణం, మొదట పెడితే మీరు ఇంకా ముందుకు చదవరేమోనని. సీలింగు పైన చీకట్లో, దుమ్ములో, పక్కన పవర్ కేబుళ్లతో రాత్రిళ్లు పనిచేయడం ప్రమాదం. కిందపడితే 'కమిషనింగ్ టెక్నీషియన్ అజాగ్రత్త' అని రాస్తారు.

ఇప్పుడు మేం అడిగేవి. వీటిలో ఏ ఒక్కటీ మీ బడ్జెట్టును కుదిపేది కాదు.

1. లైను పరీక్ష సంతకం లేకుండా సీలింగు మూయకూడదన్న షరతు టెండరులోనే రాయండి. మిగతావన్నీ పక్కన పెట్టినా దీన్ని పక్కన పెట్టకండి. పరీక్ష ఇదీ: సరఫరా ఆపి ఒక కొసలో రెండు తీగల మధ్య మీటరు పెట్టాలి. 60 ఓమ్‌ల చుట్టూ రావాలి, పొడుగాటి లైనయితే ఇంకొంచెం ఎక్కువ. 120 వస్తే ఒక కొసలో రెసిస్టరు లేదు, లేదా లైను మధ్యలో ఎక్కడో తెగింది. 40కో అంతకంటే కిందికో దిగితే ఎక్కడో అదనంగా రెసిస్టరు ఉంది. తర్వాత ఒక్కో తీగకూ ఎర్త్‌కూ మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి) ఉండకూడదు. షీల్డును కట్టిన ఆ ఒక్కచోట విప్పితే, షీల్డుకూ ఎర్త్‌కూ మధ్య కూడా ఉండకూడదు. తర్వాత సరఫరా ఇచ్చి, లైను మీద మాట లేనప్పుడు ప్లస్ తీగ మైనస్ కంటే 200 మిల్లీవోల్టులకు పైన ఉందో లేదో చూడాలి. లేకపోతే మాట లేనప్పుడు ఆ తేడాను నిలిపి ఉంచే రెసిస్టర్లు, అంటే బయాస్, పెట్టలేదని అర్థం. మల్టీమీటరు పట్టుకోవడం వచ్చినవాడు టీ చల్లారేలోపు చేయగల పని ఇది. కావలసిన రెసిస్టరు ఎస్పీ రోడ్డులో రూపాయికో రెండుకో దొరుకుతుంది.

2. కమ్యూనికేషన్ కేబుల్‌కు పాయింటు రేటు తీసేసి మీటరు రేటు పెట్టండి. లోపలికి ఒకటి, బయటికి ఒకటి లాగితే కేబుల్ ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువకు డబ్బు ఇవ్వనంతకాలం కొమ్మలు పుడుతూనే ఉంటాయి. కూలి లెక్క మార్చకుండా ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా దండగ.

3. కేబుల్ లాగేవారికి బొమ్మతో కూడిన ఒక్క పేజీ సూచన తెలుగు, కన్నడ, తమిళ, హిందీ భాషల్లో ఇవ్వండి. పని జరిగే అంతస్తులోనే గోడకు అంటించండి. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి వచ్చిన పిల్లలు ఉన్నారు. బొమ్మ చూపిస్తే చాలు, ఎందుకో వాళ్లే అడిగి తెలుసుకుంటారు.

4. టెండరులో రాసిన కేబులే కొనండి. ఎంఎస్‌టీపీకి ప్రమాణం అడిగేది 100 నుంచి 130 ఓమ్‌ల ఇంపీడెన్స్, మీటరుకు 100 పికోఫారడ్‌ల లోపు కెపాసిటెన్స్. కొనుగోలు విభాగం 'రెండు తీగలు, షీల్డు ఉంది కదా' అని మరో రకం తెచ్చిపెడితే, డేటా షీటు చూసి వెనక్కి పంపే అధికారం సైటు ఇంజనీరుకు ఉండాలి.

5. ప్రతి ప్యానెల్ తలుపు లోపల ఒక లైను కార్డు అంటించండి. కంట్రోలర్ల వరస, ఒక్కోదాని చిరునామా, బాడ్ రేటు, ప్యారిటీ, రెండు కొసలు ఎక్కడ, షీల్డు ఎర్త్ ఎక్కడ. ఎంఎస్‌టీపీ మాస్టర్లకు 0 నుంచి 127, మోడ్‌బస్‌కు 1 నుంచి 247 చిరునామాలు ఉన్నా, రెండు పరికరాలకు ఒకే నంబరు పెట్టి లైనంతా పడుకోబెట్టడం నిత్యం జరుగుతోంది. కార్డు ఉంటే జరగదు. మెయింటెనెన్స్ కాంట్రాక్టు చేతులు మారినప్పుడల్లా అంతా మొదటికి రావడం కూడా తప్పుతుంది.

6. కంట్రోలర్లు తయారు చేసే, అమ్మే కంపెనీలకు ప్రత్యేకంగా. టెర్మినల్ మీద ఏ, బీ అని మాత్రమే రాసి వదిలేయకండి, ప్లస్, మైనస్ గుర్తులు వేయండి. ప్రమాణం ప్రకారం విశ్రాంతి స్థితిలో ఏ మైనస్ వైపు, చిప్పులు చేసేవారిలో చాలామంది ఏ అంటే ప్లస్ వైపు అంటారు. ఈ గొడవలో ఒక్క కంట్రోలర్ తిరగబడినా అది టోకెన్ వినలేక, లైను మీద తానొక్కటే ఉన్నాననుకుని పిలుపులు మొదలుపెట్టి మిగతావాటి మాట చెడగొడుతుంది. ఆర్‌జే-45 (నెట్‌వర్క్ కేబుల్ సాకెట్) ఆకారంలో సీరియల్ పోర్టు ఇస్తే అది ఈథర్నెట్ కాదని పెద్ద అక్షరాల్లో రాయండి, పిన్నుల వరస పక్కనే అచ్చు వేయండి. పోర్టు ఐసోలేటెడ్ (లోపలి సర్క్యూట్ నుంచి విద్యుత్‌పరంగా వేరుచేసినది) అవునో కాదో చెప్పండి, అవునంటే మూడో తీగ కావాలని కూడా చెప్పండి. 24 వోల్టుల టెర్మినల్‌ను, కమ్యూనికేషన్ టెర్మినల్‌ను ఒకే రంగు కనెక్టర్‌తో పక్కపక్కన పెట్టే డిజైనర్లు ఒక్క రాత్రి మాతో సైటుకు రావాలని నా కోరిక. ఆ తీగ ఒక్కటి మారితే లైను మీద ఎన్ని పోర్టులు పోతాయో కళ్లారా చూస్తారు.

7. మాట ఆగిపోతే తెర ఆ సంగతి చెప్పాలి. పాత అంకె పచ్చగా కనబడకూడదు. బేస్‌మెంట్ సెన్సర్ మాట ఆగితే ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరగాలి. నీటి మట్టం తెలియకపోతే పంపు ఫ్లోట్ స్విచ్ మీద నడవాలి. అప్పగింత రోజున మా చేత స్క్రీన్లు చూపించుకోవడంతో సరిపెట్టకండి. ఒక కేబుల్ పీకించి, అప్పుడు ఏం జరుగుతుందో చూడండి.

ఇప్పటికే నడుస్తున్న భవనాల సంగతి. అన్ని సీలింగులూ విప్పమని అడగడం లేదు. ఒక్కో లైనుకు కొసలు ఎక్కడున్నాయో కనుక్కుని, సెలవు రోజున సరఫరా ఆపి ఆ మీటరు రీడింగు తీసి రాయించండి. 60 చుట్టూ ఉన్నవాటిని వదిలేయండి. లేనివాటి జాబితా మీ దగ్గరుంటే ఎక్కడ ముందు విప్పాలో తెలుస్తుంది. బేస్‌మెంటు, నీళ్లు, ఆసుపత్రి లైన్లతో మొదలుపెట్టండి. వేసవి ఉరుములు మొదలయ్యేలోపు పూర్తయితే మరీ మంచిది.

ఈ లేఖకు జవాబుగా 'నోటెడ్' వద్దు. రాబోయే టెండరు పత్రంలో మొదటి షరతు చేర్చారో లేదో చెప్పండి. చేర్చలేకపోతే కారణం చెప్పండి, దానికి మా దగ్గర జవాబు ఉందేమో చూస్తాం. కేబుల్ లాగేవారి కోసం తెలుగు సూచన పత్రాన్ని మేమే రాసి ఇస్తాం, కన్నడం, తమిళం, హిందీ తెలిసిన తోటివారు కూడా ముందుకు వస్తామన్నారు. పరీక్ష ఎలా చేయాలో చూపించడానికి పిలిస్తే ఆదివారమైనా వస్తాం. పగటిపూట, సీలింగు మూయకముందు పిలవండి.

ఇట్లు,
బెంగళూరులో పనిచేస్తున్న కొందరు తెలుగు కమిషనింగ్ టెక్నీషియన్ల తరఫున